స్నోక్వాల్మీ దగ్గర శీతాకాలపు నడక: అవలాంచ్ ప్రమాద స్థాయి 3 ఉన్న రోజు వెళ్లవచ్చా?

ప్రశ్న (సమామిష్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము నాలుగేళ్లుగా సియాటిల్ దగ్గర సమామిష్‌లో ఉంటున్నాము. ఈ నెలాఖరు శనివారం మా వారు, నేను, మరో మూడు కుటుంబాల మిత్రులు, మొత్తం ఎనిమిది మంది పెద్దవాళ్లం, స్నోక్వాల్మీ కనుమ పక్కనున్న ఆల్పెంటల్ నుంచి సోర్స్ లేక్ వరకు స్నోషూలు (మంచులో కూరుకుపోకుండా బూట్లకు కట్టుకునే వెడల్పైన తొడుగులు) కట్టుకొని నడవాలని అనుకున్నాము. వేసవిలో అదే పార్కింగ్ స్థలం నుంచి స్నో లేక్‌కు రెండుసార్లు పిల్లలతో సహా వెళ్లి వచ్చాము కాబట్టి ఆ దారి మాకు కొత్త కాదు. స్నోషూలు అద్దెకు మాట్లాడుకున్నాము, చలికి తగిన దుస్తులు ఉన్నాయి, ఇక బయలుదేరడమే తరువాయి అనుకున్నాము.

పోయిన వారం గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా మామయ్యగారికి మంచు చూపిద్దామని కనుమ దాకా కారులో తీసుకువెళ్లాము. ఆయన జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. రోడ్డు పక్కన నిలబడి ఎదుటి కొండను చాలాసేపు చూసి, "కల్లంలో ధాన్యం రాశి పోస్తే ఒక వాలు దాటాక పై గింజలు వాటంతట అవే జారిపోతాయి కదమ్మా, అంత నిటారు కొండ మీద ఇంత మంచు ఎట్లా నిలబడి ఉంది?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. ఇంటికి వచ్చి వెతికితే అవలాంచ్ (కొండ వాలు మీది మంచు విరిగి ఒక్కసారిగా జారిపడటం) గురించి ఇక్కడి వాయవ్య అవలాంచ్ కేంద్రం వారు రోజూ ఇచ్చే ప్రమాద సూచన కనిపించింది. మేము నిలబడి ఫొటోలు తీసుకున్న రోజున స్నోక్వాల్మీ ప్రాంతానికి "కన్సిడరబుల్" అని, ఐదింటిలో 3 అని ఉంది.

ఈ సంగతి మా మిత్రుల వాట్సాప్ బృందంలో పెట్టాను. 3 అంటే మధ్యస్థమే కదా అని ఒకరు, ఆ దారిలో ప్రతి వారాంతం ఎందరో నడుస్తారు, అడుగుజాడలు పడి ఉంటాయని ఇంకొకరు, మనం స్కీయింగ్ చేయడం లేదు, చెట్ల మధ్య లోయ అడుగున నడుస్తామని మరొకరు అన్నారు. అంతగా భయమైతే మంచులో పూడిపోయినవారిని వెతికే బీకన్ పరికరాలు కొనుక్కుందామని మా వారు అంటున్నారు. ఒక్కొక్క మాట విడిగా వింటే సబబుగానే ఉంది. అయినా మామయ్యగారి ప్రశ్న నా మనసులోంచి పోవడం లేదు. ఈ కొండల సంగతి తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరా?

సమాధానం 1 (ఇసాక్వా నుంచి)

మీ మామయ్యగారు అడిగినదే ఈ విషయంలో అందరూ అడగవలసిన మొదటి ప్రశ్న కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతానండి. నేను పదహారేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, పన్నెండు శీతాకాలాలుగా స్కీలతో ఈ కొండల్లో తిరుగుతున్నాను, మూడేసి రోజుల అవలాంచ్ శిక్షణలు రెండు పూర్తి చేశాను.

ధాన్యపు గింజలకు ఒకదానితో ఒకటి అతుక్కునే గుణం లేదు. మంచు రేణువులకు ఉంది. కురిసిన కొన్ని గంటల్లోనే రేణువుల మధ్య సన్నని మంచు వంతెనలు ఏర్పడి, అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే ధాన్యం నిలవని వాలు మీద కూడా మంచు నిలుస్తుంది. చిక్కంతా ఆ పట్టు అన్ని పొరల్లోనూ ఒకేలా ఉండకపోవడంలో ఉంది. తెలుగులో లంబసింగి గడ్డి మీద తెల్లవారుజామున కనిపించేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే కాబట్టి, కొండ మీద ఉన్నదంతా పైనుంచి కింది దాకా ఒకే పదార్థమన్న భావన మనలో తెలియకుండానే ఉంటుంది. వాస్తవంలో అది ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొరగా ఉంటుంది. ప్రతి తుఫానూ ఒక పొర వేస్తుంది, గాలి ఆ పొరను గట్టి పలకగా బిగిస్తుంది, నిర్మలమైన చలి రాత్రి ఆ పైతలం మీద ఈకల్లాంటి స్ఫటికాలను మొలిపిస్తుంది, తర్వాతి తుఫాను వాటిని కప్పేస్తుంది. అట్లా కప్పబడిన బలహీనమైన పొర మీద గట్టి పలక కూర్చున్నప్పుడు ఒక మనిషి బరువు చాలు, అడుగు పొర కూలి, పగులు క్షణాల్లో వాలు అంతటా పాకి, పలక మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. అది గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. ప్రాణాలు తీసిన అవలాంచ్‌లలో ఇంచుమించు పదింట తొమ్మిదింటిని కదిలించింది అందులో చిక్కుకున్నవారో, వారి వెంట వచ్చినవారో కావడానికి కారణం ఇదే.

ఇక వాలు సంగతి. పలక అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల మీద మొదలవుతాయి, 38 డిగ్రీల చుట్టుపక్కల మరీ ఎక్కువ. మీ మామయ్యగారు చూసిన ధాన్యం రాశి వాలు కూడా ఇంచుమించు ఈ మేరలోనే ఉంటుంది. 30 కంటే తక్కువ వాలు మీద అవి మొదలవడం అరుదు. కొత్తవారు ఈ ఒక్క అంకె విని, "మనం నడిచేది చదును నేల కదా" అని నిశ్చింతగా ఉంటారు. అవలాంచ్ మొదలయ్యే చోటు వేరు, అది ప్రవహించే దారి వేరు, వచ్చి ఆగే చోటు వేరు. లోయ అడుగు ఆ మూడో చోటు. మీరు చెప్పిన దారి సరిగ్గా అట్లాంటిదే. వేసవి కాలిబాట స్నోక్వాల్మీ మౌంటెన్ వైపు వాలును ఒరుసుకుంటూ అనేక అవలాంచ్ దారులను అడ్డంగా దాటుతుంది. దాన్ని వదిలి లోయ అడుగున నడిచినా రెండు వైపుల నుంచీ మంచు దిగివచ్చే చోట్లే ఉన్నాయి. సోర్స్ లేక్ అయితే చెయిర్ పీక్, బ్రయంట్ పీక్, ది టూత్ శిఖరాలు చుట్టూ నిలబడిన గిన్నెకు అడుగు. వేసవిలో మీకు పరిచయమైన దారి శీతాకాలంలో లేదనే అనుకోండి, ఆ స్థలంలో వేరే దారి ఉంటుంది.

మూడవ స్థాయి గురించి మీ మిత్రులు అన్న మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను. దీన్ని పరీక్షలో నూటికి అరవై మార్కులుగా చదవకూడదు. స్థాయి పెరిగే కొద్దీ ప్రమాదం ఒక్కో మెట్టు చొప్పున పెరగదు, రెట్టింపులుగా పెరుగుతుంది. 2 అంటే మనుషులు కదిలించే అవలాంచ్‌లు సాధ్యం. 3 అంటే వాటంతట అవి జారడం సాధ్యం, మనిషి కదిలిస్తే జారడానికి అవకాశం ఎక్కువ. 4, 5 ఉన్న రోజున ఆకాశమే భయపెట్టి చాలామందిని ఇంట్లో కూర్చోబెడుతుంది. 3 ఉన్న రోజున ఎండ కాస్తుంది, కొత్త మంచు మెరుస్తుంది, కొండ పిలుస్తుంది. ఉత్తర అమెరికాలో మరణాలు ఎక్కువగా నమోదయ్యేది ఈ స్థాయి ఉన్న రోజుల్లోనే.

అడుగుజాడలు ఉంటే దారి భద్రమన్న మాటకు ఆధారం లేదు. పలక మందంగా ఉన్నచోట ఇరవై మందిని మోసి, పలుచబడిన చోట ఇరవై ఒకటో మనిషి కాలు పెట్టగానే విరిగిన సందర్భాలు ఉన్నాయి. స్కీయింగ్ చేయడం లేదన్నదీ రక్షణ కాదు. 2013 ఏప్రిల్ 13న, ఒకే రోజున, ఈ కనుమ దగ్గరే గ్రానైట్ మౌంటెన్ మీద ఒకటి, రెడ్ మౌంటెన్ మీద ఒకటి అవలాంచ్‌లు విరిగి ఒక్కొక్కరు చనిపోయారు. రెండూ నడిచి వెళ్లిన బృందాలే. అప్పటికి వసంతం వచ్చిందన్నది కూడా గమనించండి.

చెట్ల గురించి కాస్త చరిత్ర చెప్పాలి. ఇక్కడికి ఉత్తరాన స్టీవెన్స్ కనుమ దగ్గర వెల్లింగ్టన్ అనే రైల్వే స్థావరం ఉండేది. 1910 ఫిబ్రవరి చివర్లో తుఫాను వల్ల రెండు రైళ్లు అక్కడ రోజుల తరబడి నిలిచిపోయాయి. పై వాలు మీది అడవి అంతకుముందే కార్చిచ్చుల్లో పోయింది. మంచు వానగా మారి, ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చిన రాత్రి, మార్చి 1 తెల్లవారకముందే, ఆ వాలు మొత్తం జారి రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది మరణించారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని బలిగొన్న అవలాంచ్ మరొకటి లేదు. ఇప్పుడు ఆ పాత రైలు మార్గం ఐరన్ గోట్ ట్రైల్ పేరుతో నడకదారిగా ఉంది, వేసవిలో పిల్లలను తీసుకువెళ్లి చూపించండి. ఆ ఘటనలో మన ప్రాంతపు స్వభావమంతా ఉంది. మనది సముద్రపు గాలి తాకే కొండ, స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 3,022 అడుగులే, తుఫాను మధ్యలోనే ఉష్ణోగ్రత పెరిగి మంచు వానగా మారుతుంది. తేలికైన కొత్త మంచు మీద వాన పడిందంటే, ఇక ఆ రోజు నిటారు వాలుల కింద మనిషి ఉండకూడదు. చెట్లు కాపాడాలంటే వాటి మధ్య నుంచి దూరి నడవడమే కష్టమనిపించేంత దట్టంగా ఉండాలి. అడవి మధ్యలో పైనుంచి కిందికి చెట్లు లేని చార కనిపిస్తే, పైవైపు కొమ్మలు విరిగిపోయి కిందివైపు కొమ్మలు మాత్రమే మిగిలిన చెట్లు కనిపిస్తే, అది మంచు నడిచిన దారి.

నా మాట సూటిగా చెప్పాలంటే, స్థాయి 3 ఉన్న రోజున మీ ఎనిమిది మంది ఆ దారికి వెళ్లవద్దు.

సమాధానం 2 (హైదరాబాద్ నుంచి)

పై సమాధానం చదివాక హిమాలయాల వైపు నుంచి కొన్ని మాటలు చేర్చాలనిపించింది. నేను ఉత్తరకాశీలో పర్వతారోహణ ప్రాథమిక శిక్షణ పొందాను, ఆ తర్వాత ఐదారు శీతాకాలపు ట్రెక్కులు చేశాను.

మన తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా ఎంతోమంది ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ వంటి చోట్లకు డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తున్నారు. వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఎంత చలి ఉంటుంది, ఏ బూట్లు కొనాలి అన్నది. ఈ దారి ఏ వాలు కింద నుంచి వెళ్తుంది అని ట్రెక్ సంస్థను అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. నేను కూడా మొదటిసారి అడగలేదు.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరం మీద జరిగినది శిక్షణ పొందిన మాలాంటి వాళ్లందరినీ కుదిపేసింది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉన్నత శిక్షణ బృందం ఆ శిఖరం వైపు వెళ్తుండగా అవలాంచ్‌లో చిక్కుకుంది, 27 మృతదేహాలను వెలికితీశారు. అదే ఏడాది మే నెలలో ఎవరెస్ట్‌ను, మకాలును పదహారు రోజుల వ్యవధిలో అధిరోహించిన సవితా కన్స్వాల్ శిక్షకురాలిగా ఆ బృందంలో ఉండి ప్రాణాలు కోల్పోయారు. తాడు వాడటం, మంచుగొడ్డలి వాడటం, ఎత్తును తట్టుకోవడం ఒక విద్య, పొరలను చదవడం పూర్తిగా మరొక విద్య. మొదటి దానిలో ఎంత నైపుణ్యం ఉన్నా కొండ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

మన దేశంలోని కొండలన్నీ ఒకే తీరుగా ఉండవన్నది కూడా చెప్పాలి. కశ్మీర్, హిమాచల్‌లలోని పీర్ పంజాల్ వైపు మంచు చాలా కురుస్తుంది, ఉష్ణోగ్రత మరీ దిగదు, కాబట్టి తుఫాను తర్వాతి ఒకటి రెండు రోజులు గండం. లడఖ్ వైపు మంచు పలుచన, చలి విపరీతం. అట్లాంటి చోట నేలకు ఆనుకున్న పొర వారాల తరబడి పంచదార పలుకుల్లా మారి, దేనికీ పట్టు లేకుండా అయిపోతుంది. పంచదార చల్లిన పళ్లెం మీద అట్టముక్క పెట్టి పళ్లేన్ని వంచితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ పొర ఒక్కోసారి శీతాకాలమంతా అట్లాగే ఉంటుంది. తుఫాను వెళ్లి పది రోజులైంది, ఇక భయం లేదన్న లెక్క అక్కడ పనికిరాదు.

చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ సంస్థ, అంటే రక్షణ పరిశోధన సంస్థ కింద పనిచేసే పాత సాసే, అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. అమెరికాలో ఉన్నట్టు ఒక్కొక్క కనుమకు విడివిడిగా పొరల వివరంతో సామాన్య ట్రెక్కర్‌కు అందే సూచన మనకు లేదు కాబట్టి, ఇక్కడ మరింత దూరంగా ఉండటమే మార్గం. ట్రెక్కర్లకే కాదు, కారు దిగి ఫొటో తీసుకునే పర్యాటకులకు కూడా ఇది వర్తిస్తుంది. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా వెళ్లే రోడ్డు మీద 15వ మైలు దగ్గర అవలాంచ్ పడి ఏడుగురు పర్యాటకులు మరణించారు. ఆ రోజు 13వ మైలు వరకే అనుమతి ఉందని పోలీసులు చెప్పారు. వేసవి సెలవుల్లో మనవాళ్లు పిల్లలను, పెద్దవాళ్లను తీసుకొని నాథూలాకు, రోహతాంగ్‌కు పెద్ద సంఖ్యలో వెళ్తారు. అక్కడ చెక్‌పోస్టు వారు ఆపితే డ్రైవరును బతిమాలవద్దని, డబ్బు ఆశ చూపవద్దని ప్రతి ఒక్కరినీ చేతులు జోడించి కోరుతున్నాను.

సమాధానం 3 (డెన్వర్ నుంచి)

నేను అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యురాలిని, కొలరాడోలో ఉంటాను. అమెరికాలో అవలాంచ్ మరణాలు అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మా రాష్ట్రంలోనే. ప్రశ్నలో బీకన్లు కొనుక్కుందామన్న మాట ఉంది, దాని గురించే రాస్తాను.

మంచు కింద పూడిపోయిన మనిషికి ఉన్న సమయం చాలా తక్కువ. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీసినవారిలో అత్యధికులు బతుకుతారు. అరగంట దాటేసరికి బతికేవారు దాదాపు మూడింట ఒక వంతుకు పడిపోతారు. చలి వల్ల కంటే ముందు ఊపిరాడకపోవడం వల్ల ప్రాణం పోతుంది. వదిలిన ఊపిరి ముఖం ముందరి మంచును కరిగించి మళ్లీ గడ్డకట్టించి, గాలి చొరని పొరగా మారుస్తుంది. మీ ప్రాంతపు మంచు బరువైనది, తడిది కాబట్టి అక్కడ ఈ సమయం ఇంకా తగ్గుతుందని కెనడాలో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. మరణించేవారిలో ఇంచుమించు నాలుగోవంతు మంది చెట్లకు, రాళ్లకు కొట్టుకొని తగిలిన దెబ్బల వల్లనే పోతారు. వారికి ఏ పరికరమూ ఉపయోగపడదు.

సియాచిన్‌లో 2016 ఫిబ్రవరిలో మంచు కింద ఆరు రోజులు ఉండి సజీవంగా బయటపడిన లాన్స్ నాయక్ హనుమంతప్పను చూసి, పూడిపోయినా రోజుల తరబడి బతకవచ్చని అనుకునేవారు ఉన్నారు. ఆయనతో పాటు ఆ సైనిక స్థావరంలో ఉన్న తొమ్మిది మంది, అందులో మన కర్నూలు జిల్లాకు చెందిన ఒక జవాను కూడా, మరణించారు. హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన గుడారంలో ఉండగా పూడిపోయారు, చుట్టూ కొంత గాలి నిలిచింది. వాలు మీద నడుస్తున్న మనిషి పూడిపోయినప్పుడు అట్లాంటి ఖాళీ ఉండదు.

పది నిమిషాల్లో సహాయక దళం రాదు. ఫోన్ చేయడానికి, హెలికాప్టర్ లేవడానికి, మనుషులు నడిచి రావడానికి గంటలు పడుతుంది. కాబట్టి పూడిపోయినవారిని బతికించగలిగేది పక్కనే ఉన్న మిత్రులు మాత్రమే. అందుకు ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులూ ఉండాలి: బీకన్, అంటే 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపే, వెతికే పరికరం, మడతపెట్టగల పొడవైన ప్రోబ్ కడ్డీ, లోహపు పార. మూడూ కలిపి నాలుగైదు వందల డాలర్లు అవుతాయి, కొన్నిచోట్ల అద్దెకు దొరుకుతాయి. ఎనిమిది మందిలో నలుగురి దగ్గరే ఉంటే లేనట్టే, ఎందుకంటే పూడిపోయేది ఎవరో ముందుగా తెలియదు. పార లేకపోతే మిగతా రెండూ వృథా. ఆగిపోయిన అవలాంచ్ మంచు మెత్తగా ఉండదు, సిమెంటులా బిగుసుకుంటుంది, దాన్ని చేతులతో తవ్వలేరు. పూడిక లోతు మీటరు అయినా టన్ను పైన మంచును ఎత్తిపోయవలసి వస్తుంది.

పరికరం కొన్నంత మాత్రాన అది చేతికి రాదు. శిక్షణలో మేము మొదటిసారి పెరటిలో పాతిపెట్టిన బీకన్‌ను వెతికినప్పుడు, అది ఎక్కడుందో దాదాపు తెలిసి కూడా, నాకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నిజంగా మనిషి ఉంటే నేను శవాన్ని తవ్వి తీసి ఉండేదాన్ని. పదిహేను, ఇరవై సార్లు సాధన చేశాక నాలుగు నిమిషాలకు వచ్చాను. ఇంకొక చిన్న విషయం చాలామందికి తెలియదు: జేబులోని ఫోను బీకన్‌కు ఆటంకం కలిగిస్తుంది. నడిచేటప్పుడు రెండింటి మధ్య కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉంచాలి.

బీకన్ వల్ల అవలాంచ్ ఆగదు. అది ఉందన్న ధైర్యంతో, లేకపోతే వెళ్లని చోటికి వెళ్లేటట్టయితే కొనకపోవడమే మేలు.

మళ్లీ ప్రశ్న వేసిన సభ్యురాలు

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. మీరు రాసినవి మా వారితో కూర్చొని రెండుసార్లు చదివాను. ఆయన ఒప్పుకున్నారు. అయితే ఇప్పుడు నా ముందున్న కష్టం మంచుతో కాదు, మనుషులతో. ఈ నడకను ప్రతిపాదించినది మా వారి పై అధికారి స్థాయిలో ఉన్న ఒక పెద్దమనిషి, ఆయనకు ఇక్కడ ఇరవై ఏళ్ల అనుభవం. మా అందరికీ ఉద్యోగాలు వెతకడంలో కూడా సహాయం చేసిన మనిషి. మేము రామంటే మిగతావారిని తీసుకొని ఎట్లాగూ వెళ్తారు. ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

సమాధానం 1 మళ్లీ (ఇసాక్వా నుంచి)

మీరు ఈ మాట రాసినందుకు సంతోషమండి, ఎందుకంటే మొదటి సమాధానంలో నేను రాయాలనుకొని వదిలేసినది ఇదే. నా అనుభవంలో అన్ని బలహీన పొరల్లోకీ ప్రమాదకరమైనది మన మొహమాటం.

ఏడేళ్ల కిందట ఐదుగురం కనుమకు దక్షిణంగా ఒక వాలు ఎక్కుతున్నాము. ముందు నడిచేవారు మాలో అందరికంటే అనుభవజ్ఞులు. దారిలో అడుగున ఖాళీ డబ్బా కుంగినట్టు ఒక చప్పుడు వినిపించింది, నా కాళ్ల కింద మంచు అంగుళం దిగింది. అది బలహీన పొర కూలుతున్న చప్పుడని నాకు స్పష్టంగా తెలుసు, శిక్షణలో అదే నేర్పారు, వెంటనే ఆగి వెనక్కి తిరగాలని కూడా నేర్పారు. పెద్దాయన ముందు నేను చెప్పేదేమిటి అని ఊరుకున్నాను. మరో వంద అడుగులు వెళ్లాక పగులు మా ముందు నుంచి ఎడమకు ముప్పై అడుగులు పాకింది. అక్కడ వాలు తక్కువ కాబట్టి పలక జారలేదు. కిందికి దిగాక మాట్లాడుకుంటే తెలిసింది, ఆ చప్పుడు ఐదుగురం విన్నాము. ముందు నడిచినాయన కూడా విన్నారు, ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి తనదే అనుమానమేమో అనుకున్నారట.

2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ కనుమ దగ్గర టనెల్ క్రీక్‌లో ముగ్గురు మరణించారు. ఆ బృందంలో ఉన్నవారు ఆ ప్రాంతాన్ని బాగా ఎరిగిన నేర్పరులైన స్కీయర్లు, సూచన ఏమిటో తెలిసినవారు. వారిలో కొందరికి లోపల అనుమానం ఉన్నా, ఇంతమంది నిపుణుల మధ్య దాన్ని పైకి అనలేకపోయామని తర్వాత చెప్పుకున్నారు. బృందం పెద్దదైన కొద్దీ, అందులో గౌరవించవలసినవారు ఉన్న కొద్దీ నోరు పెగలదు. మనలో పెద్దవారి మాటకు ఎదురు చెప్పడం తప్పన్న పెంపకం ఉంది కాబట్టి ఈ బరువు మనకు మరింత ఎక్కువ.

అందుకని మేము ఆ రోజు తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ ఆగాలో కొండ మీద నిర్ణయించము, ముందురోజు సాయంత్రం సూచన వచ్చాక ఇంట్లో పటం ముందు పెట్టుకొని నిర్ణయిస్తాము. వాలు కోణాన్ని రంగులతో చూపే పటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. చిన్న చిన్న నిటారు గట్లు వాటిలో కనిపించవు కాబట్టి వాటినే నమ్ముకోకూడదు, కానీ మన దారికి పైన నిటారు వాలును చూపే ఎర్రరంగు ఉందా లేదా అన్నది తెలిసిపోతుంది. కొత్తవారిని, వయసులో చిన్నవారిని మొదట మాట్లాడమంటాము, పెద్దవారు చివర మాట్లాడతారు. ఒక్కరు వద్దన్నా వెళ్లము, కారణం అడగము.

మీ పెద్దమనిషికి మీరు తప్పు పడుతున్నట్టు చెప్పనవసరం లేదు. "సోర్స్ లేక్ దారికి పైన ఉన్న వాలులు ఎన్ని డిగ్రీలో, శనివారం సూచన ఏమిటో మీరే ఒకసారి చూసి మాకు వివరించగలరా?" అని అడగండి. ఆయనకు నిజంగా ఇరవై ఏళ్ల అనుభవం ఉంటే ఆ పటం చూశాక ఆయనే చోటు మారుస్తారు. మార్చకపోతే మీరిద్దరూ రామని ఒక్క వాక్యంలో చెప్పండి, క్షమాపణ కోరవద్దు.

ప్రశ్న వేసిన సభ్యురాలు

మీరు చెప్పిన మాటలతోనే నిన్న రాత్రి ఆయనకు ఫోన్ చేశాను. ముందు కాస్త నొచ్చుకున్నట్టే అనిపించింది. గంట తర్వాత ఆయనే పటం తీసి బృందంలో పెట్టి, లోయకు రెండు వైపులా ఇంత ఎరుపు ఉందని తాను ఎప్పుడూ చూడలేదని రాశారు. శనివారం గోల్డ్ క్రీక్ పాండ్ వైపు వెళ్దామని ఆయనే ప్రతిపాదించారు. వచ్చే నెలలో అవలాంచ్ కేంద్రం వారి ఉచిత అవగాహన తరగతికి ఆరుగురం పేర్లు ఇచ్చాము. గోల్డ్ క్రీక్ అయితే మామయ్యగారిని కూడా తీసుకువెళ్లవచ్చా?

సమాధానం 1 (ఇసాక్వా నుంచి)

చెరువు వరకు తప్పక తీసుకువెళ్లండి, దారి చదునుగా ఉంటుంది, ఆయనకు హాయిగా ఉంటుంది. స్నో పార్క్ (శీతాకాలపు పార్కింగ్ స్థలం) అనుమతి పత్రం ముందుగా కొనుక్కోండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవద్దు: చెరువు చుట్టూ తిరిగి వెనక్కి రండి. అక్కడి నుంచి లోయ పైకి అడుగుజాడలు వెళ్తూ కనిపిస్తాయి, చాలా అందంగా ఉంటుంది, ఇంకాస్త దూరం పోదామని ఎవరో ఒకరు అంటారు. ఆ పై లోయలోకి కెండాల్ పీక్ వైపు నుంచీ రాంపార్ట్ రిడ్జ్ వైపు నుంచీ అవలాంచ్ దారులు దిగుతాయి. శుక్రవారం సాయంత్రం సూచన చదివి, చెరువే మన హద్దు అని బృందంలో అప్పుడే రాసి పెట్టండి. మామయ్యగారికి చెరువు ఒడ్డున నిలబడి ఆ వాలులు చూపించండి, చెట్లు లేని చారలను ఆయన మనకంటే ముందే గుర్తుపడతారు.